వక్ఫునామా నుండి దరఖాస్తు దాకా
(దిక్కులేని మనోరోగుల సేవకు నిధులు సమకూడిన చరిత్ర)



దర్గాల మెట్ల మీద, రైల్వే స్టేషన్ల బయట, బస్టాండు అరుగుల మీద మాసిన జుట్టుతో, చిరిగిన బట్టలతో, తమలో తామే మాట్లాడుకొంటూ తిరిగేవారిని మనమందరం చూస్తూనే వుంటాము. కొందరు "మజ్‌జూబ్" అని భయభక్తులతో ఒక రూపాయి చేతిలో పెట్టి పోతారు. కొందరు "పాగల్" అని నవ్వి పోతారు. ఆ రూపాయీ, ఆ నవ్వూ రెండూ వారిని రోడ్డు మీదనే వుంచుతాయి.

అట్టివారికి తిండి, నీడ, వైద్యం మూడూ ఒకచోట దొరకాలంటే డబ్బు కావాలి. ఒకనాటి డబ్బు కాదు, ప్రతిరోజూ కావాలి. దానికోసం ప్రభుత్వానికో, ట్రస్టులకో, కంపెనీలకో దరఖాస్తు పెట్టుకోవాలి అనగానే మనలో చాలామంది "ఖిద్మత్ చేసేవాళ్ళం ఒకరి ముందు చెయ్యి చాపడమేమిటి? అల్లా పేరు మీద యిచ్చేవారు యిస్తారు, జరిగినంత జరుగుతుంది" అంటారు. మాట వినడానికి బాగానే వుంటుంది. కాని మన చరిత్ర ఆ విధంగా చెప్పదు. మన పూర్వులు జాలిని కాగితం మీద పెట్టారు. కాగితం, లెక్క వున్నంతకాలం సేవ నడిచింది. అవి పోయిననాడు సేవా పోయింది.

బీమారిస్తాన్ల కాలం

"బీమార్" అంటే రోగి అని ఉర్దూ తెలిసిన యిళ్ళల్లో పిల్లలకైనా తెలుసు. రోగులుండే చోటు బీమారిస్తాన్. ఈజిప్టు పాలకుడు అహ్మద్ ఇబ్న్ తూలూన్ క్రీ.శ. 872 ప్రాంతంలో నేటి కైరో నగరమున్న చోట అటువంటి ఆసుపత్రిని కట్టించాడు. దానికీ, దానికి ఆదాయమిచ్చే ఆస్తులకూ కలిపి 60 వేల దీనార్లు ఖర్చయినట్లు చరిత్రకారుడు అల్ మక్రీజీ రాశాడు. రెండు హమామ్‌లు, ఒకటి మగవారికి, ఒకటి ఆడవారికి కట్టించి, వాటిని కూడా ఆసుపత్రి పేరనే వక్ఫు చేశాడు. రోగి లోపలికి రాగానే అతని బట్టలు, డబ్బు భద్రపరచి, ఆసుపత్రి బట్టలు యిచ్చేవారు. ఒక కోడిని, ఒక రొట్టెను తిని అరిగించుకొన్న రోగికి నయమైనదని ఎంచి, అతని వస్తువులు అతనికిచ్చి పంపేవారు.

ఆ ఆసుపత్రిలో మతిస్థిమితం లేనివారికి వేరే విభాగం వుండేది. ఇబ్న్ తూలూన్ ప్రతి శుక్రవారం స్వయంగా వచ్చి రోగులను చూసేవాడు. ఒకనాడు ఒక మనోరోగి దానిమ్మపండు అడిగాడు. తెప్పించి యిస్తే, దాన్నే గురిచూసి పాలకుడి రొమ్ము మీద విసిరాడు. ఆనాటి నుండి ఇబ్న్ తూలూన్ అక్కడికి రావడం మానేశాడట! కథ విని నవ్వుకోవచ్చు. కాని పాలకుడు రావడం మానినా ఆసుపత్రి మూతపడలేదు. దాని ఖర్చు ఆయన రాకపోకల మీద, ఆనాటి మనసు మీద ఆధారపడి లేదు. వక్ఫు ఆదాయం మీద ఆధారపడి వుంది.

1154లో నూరుద్దీన్ జంగీ డమాస్కసులో మరొక గొప్ప బీమారిస్తాన్ కట్టించాడు. స్పెయిను దేశపు యాత్రికుడు ఇబ్న్ జుబైర్ 1184లో అక్కడికి వచ్చి చూసి రాసుకొన్న సంగతులు నేటికీ వున్నాయి. రోజుకు సుమారు 15 దీనార్లు ఖర్చు. రోగుల పేర్లు, ఒక్కొక్కరి మందుకు, ఆహారానికి అయ్యే ఖర్చు రాసిన రిజిస్టర్లు. వాటిని చూసేందుకు వేరే ఒక అధికారి. ప్రతి ఉదయం వైద్యులు రావడం, చూడడం, మందూ పథ్యమూ చెప్పడం. బడిపంతులును గనుక రిజిస్టరు విలువ నాకు తెలుసు. హాజరు పట్టీలో పేరు లేని పిల్లవాడు బడిలో వున్నట్టు కాదు. పేరు రాయబడని రోగి కూడా అంతే.

అదే యాత్రికుడు మనోరోగులను గొలుసులతో కట్టివుంచడం కూడా రాశాడు. దాన్ని దాచవలసిన పని లేదు. గొప్పను చెప్పేవాడు తక్కువను కూడా చెప్పాలి.

కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన మన్సూరీ బీమారిస్తాన్ యీ చరిత్రలో శిఖరం వంటిది. ఆయన సుల్తాను కాకమునుపు డమాస్కసులో జబ్బుపడితే నూరుద్దీన్ ఆసుపత్రి మందులతోనే కోలుకొన్నాడు. తానూ అటువంటిది కట్టిస్తానని అప్పుడు మొక్కుకొన్నాడు. ఆడ మగ, బీద గొప్ప, వూరివాడు పరాయివాడు అన్న భేదం లేకుండా అందరికీ ప్రవేశం అని వక్ఫునామాలో రాయించాడు. ఏటా దాదాపు పది లక్షల దిర్హముల ఆదాయం వచ్చే ఆస్తులు దానికి కేటాయించబడినట్లు చెబుతారు.

తరువాత ఆటోమన్ తుర్కీలో సుల్తాన్ రెండవ బాయజీద్ 1488లో ఎదిర్నె నగరంలో దారుష్షిఫా కట్టించాడు. అక్కడ మనోరోగులకు వారంలో మూడు రోజులు సంగీతం వినిపించేవారని, అందుకు పదిమంది కళాకారులను జీతమిచ్చి నియమించారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలబీ రాశాడు. పిచ్చివాడికి పాట వినిపించడానికి జీతం! ఆ పద్దు రాసినవారు మనోరోగిని మనిషిగానే చూశారని వేరే చెప్పాలా? ఆ భవనం యిప్పుడొక వైద్య మ్యూజియం. దానికి 2004లో యూరప్ కౌన్సిల్ వారి బహుమతి వచ్చింది.

లెక్క తప్పిననాడు

ఇంతటి మన్సూరీ బీమారిస్తాన్ చివరికి ఏమైంది? ఆస్తులు చేతులు మారినవి, ఆదాయం పక్కదారులు పట్టినది. 1798లో ఫ్రెంచివారు కైరోకు వచ్చేనాటికి కొద్దిమంది రోగులు, కొందరు మనోరోగులు మాత్రమే అక్కడ దీనస్థితిలో మిగిలివున్నారు. ఒకప్పుడు ఆసుపత్రి అని అర్థమున్న "మారిస్తాన్" అనే మాట ఈజిప్టు వాడుకలో పిచ్చాసుపత్రి అనే తిట్టుమాటగా మిగిలింది. మన హైదరాబాదులో "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అన్నట్టు.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో హైదరాబాదులో యునానీ వైద్యం, విద్య రెండూ జరిగే దారుల్‌షిఫా కట్టించాడు. నేడు ఆ పేరు మనకు ఒక మొహల్లా పేరు మాత్రమే. నిజాం కాలంలో జాల్నాలో వుండిన మానసిక చికిత్సాలయాన్ని 1953లో ఎర్రగడ్డకు మార్చారు. ఎందరో అక్కడ బాగుపడి యిళ్ళకు చేరారు. మనం మాత్రం దాన్ని తిట్టుగా వాడుకొంటున్నాము.

కాగితం, లెక్క, తనిఖీ లేని చోట ఏమి జరుగుతుందో 2001లో దేశమంతా చూసింది. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడి దర్గాకు స్వస్థత కోరి వచ్చే మనోరోగులను వుంచడానికి చుట్టుపక్కల ప్రైవేటు యిళ్ళు వెలిశాయి. ఆ సంవత్సరం ఆగస్టు 6న తెల్లవారుజామున అటువంటి ఒక పాకకు నిప్పంటుకొంది. గొలుసులతో కట్టివున్నవారు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. ఇబ్న్ జుబైర్ గొలుసులను చూసి 817 ఏళ్ళు గడిచినా గొలుసు తెగలేదు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. వారిని అక్కడికి తెచ్చిన కుటుంబాలవారిది భక్తి కాదని ఎవరంటారు? కాని భక్తి వొక్కటే నిప్పును ఆర్పదు, తలుపు తెరవదు, మందు యివ్వదు.

చట్టం, నిధులు

1912 నాటి లూనసీ చట్టం పోయి 1987లో ఒక చట్టం, దాని స్థానంలో 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాయి. కొత్త చట్టం 2018 నుండి అమలులో వుంది. దాని ప్రకారం మనోరోగులను గొలుసులతో కట్టడం నేరం. యిల్లు లేనివారికి, దిక్కులేనివారికి రేషను కార్డు వున్నా లేకున్నా ప్రభుత్వ ఖర్చుతో చికిత్స వారి హక్కు. రోడ్డు మీద తిరిగే మనోరోగిని పోలీసులు రక్షణలోకి తీసుకొంటే లాకప్పులో పెట్టరాదు, 24 గంటలలోగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. యీ సంగతి మన మొహల్లాలలో ఎంతమందికి తెలుసు?

2011 జనాభా లెక్కలలో యిల్లు లేనివారు దేశంలో సుమారు 17 లక్షల 70 వేలమంది. బెంగుళూరు నిమ్‌హాన్స్ వారి 2015–16 సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత వున్నట్లు, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని తేలింది.

అయినా దారి చూపినవారున్నారు. 1993లో మద్రాసులో యిద్దరు యువతులు, వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్, వీధుల్లో తిరిగే మనోరోగ స్త్రీల కోసం "బాన్యన్" సంస్థ ప్రారంభించారు. కోలుకొన్న స్త్రీలు మామూలు బస్తీల్లో అద్దె యిళ్ళలో కలిసి బతికే వారి పథకానికి కెనడా నిధి కూడా వచ్చింది. బొంబాయి వైద్యుడు భరత్ వట్వానీ 1988లో ప్రారంభించిన "శ్రద్ధ" సంస్థ రోడ్డు మీది రోగులకు వైద్యం చేసి, ఎంత దూరమైనా వారి వూళ్ళకు చేర్చుతున్నది. ఆయనకు 2018లో మెగసెసే అవార్డు వచ్చింది.

మనం తప్పక గమనించవలసింది గుజరాతులో మెహసానా జిల్లా ఉనావా గ్రామపు మీరా దాతార్ దర్గా. అక్కడ 2008లో ప్రభుత్వ మానసిక వైద్యశాల, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి "దవా–దువా" అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. ముజావర్లు దువా చేస్తారు, జబ్బు లక్షణాలు గుర్తుపట్టి డాక్టరు దగ్గరికి పంపుతారు. డాక్టరు దర్గా ఆవరణలోనే కూర్చుంటాడు. ఎవరి నమ్మకం పోలేదు, ఎవరి మందూ ఆగలేదు.

దరఖాస్తు అడిగేది ఏమిటి?

దరఖాస్తు ఫారం చూసి భయపడేవారికి నేను చెప్పేది ఒక్కటే. దాన్ని వక్ఫునామా పక్కన పెట్టి చదవండి. ఎవరికోసం? అని వక్ఫునామా చెప్పింది, ఫారం అడుగుతుంది. ఏ పనికి ఎంత? డమాస్కసు రిజిస్టరులో వుంది. ఎవరు బాధ్యులు? అప్పుడు ముతవల్లీ, యిప్పుడు కార్యదర్శి. లెక్క ఎవరు చూస్తారు? అప్పుడు ఖాజీ, యిప్పుడు ఆడిటరు. దాత పోయిన తరువాత ఎట్లా నడుస్తుంది? యీ చివరి ప్రశ్నకు జవాబు లేక ఎన్నో సంస్థలు మూడేళ్ళకే మూతపడుతున్నాయి.

కావలసినవి యివి. సొసైటీ రిజిస్ట్రేషను, ఏటా ఆడిట్ అయిన లెక్కలు, ఆదాయపు పన్ను శాఖలో నమోదు, ప్రభుత్వ గ్రాంటుకు దర్పణ్ నంబరు. కోలుకొన్న మనోరోగుల "హాఫ్ వే హోమ్"కు కేంద్ర ప్రభుత్వపు దీన్‌దయాళ్ వికలాంగుల పునరావాస పథకంలో చోటు వుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సేవకు ఖర్చు చేయాలి. గల్ఫులో వున్న మనవారు భారత పౌరులుగా తమ స్వంత సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ సంస్థ యిచ్చేది మాత్రం 2010 నాటి విదేశీ విరాళాల చట్టం క్రింద అనుమతి లేనిదే పైసా తీసుకోరాదు.

నా విన్నపం చిన్నది. మొదటి ఏడే ఆసుపత్రి కట్టాలని కలలు కనవద్దు. మన వూరి దర్గా, స్టేషను, బస్టాండు దగ్గర వున్నవారిని వారానికి రెండుసార్లు పలకరించి, పేరు తెలుసుకొని, రిజిస్టరులో రాసుకొందాము. ఎవరు ఏ భాష మాట్లాడుతున్నారు, ఏ వూరంటున్నారు, ఎవరు తిన్నారు, ఎవరికి జ్వరం, ఎవరిని జిల్లా ఆసుపత్రికి తీసుకొనిపోయాము అని. ఆరు నెలల ఆ రిజిస్టరే మన దరఖాస్తుకు మొదటి పుట. అది లేకుండా ఎంత మంచి ఇంగ్లీషులో రాసినా అది ఖాళీ కాగితమే.

అడగడంలో సిగ్గు లేదు, ఎందుకంటే అడిగేది మనకోసం కాదు. తీసుకొన్నదానికి లెక్క చెప్పకపోవడమే సిగ్గు. దానిమ్మపండు విసిరినవాడికి కూడా మరుసటి రోజు అన్నం దొరికింది. మన వీధిలో తిరిగేవాడికి కూడా ఆ మాత్రం భరోసా మనం యివ్వగలగాలని అల్లాను వేడుకొంటున్నాను. ఆమీన్.