సున్నం, పటిక, నల్లగొండ నీరు: ఒక తూకం చరిత్ర

ఉపోద్ఘాతం

తాగునీటి నుంచి ఫ్లోరైడును తొలగించే పద్ధతుల్లో ఒకదానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. టాంజానియా, కీనియా, ఇథియోపియా దేశాల నీటి ఇంజనీర్లకూ ఈ పేరు పరిచితమే. ఒక తెలుగు ఊరికి విజ్ఞానశాస్త్రంలో దక్కిన ఈ స్థానం వెనుక ఆ ప్రాంత ప్రజల వంగిన ఎముకలున్నాయి. ఆ పద్ధతికి మూలం సున్నం, పటికల తూకం. ఆ తూకం ప్రయోగశాలలో ఎలా కుదిరిందో, పల్లెలో ఎందుకు నిలవలేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. నీటిలో కాల్షియం లోటు

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టభూముల అడుగున ఉన్నది ప్రధానంగా గ్రానైటు. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ ఖనిజాల నుంచి ఫ్లోరైడు భూగర్భజలంలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి కరగని కాల్షియం ఫ్లోరైడుగా మారుతుంది, మితిమీరదు. అయితే బైకార్బొనేట్లు ఎక్కువైన క్షారజలంలో కాల్షియం సున్నపు గడ్డలుగా నేలలోనే పేరుకుపోతుంది. కాల్షియం తగ్గినకొద్దీ ఫ్లోరైడుకు అడ్డు తొలగుతుంది. అంటే ఇక్కడి సమస్య ఒక పదార్థం ఎక్కువ కావడం మాత్రమే కాదు, మరొకటి తక్కువ కావడం కూడా.

2. వ్యాధి గుర్తింపు

మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించిన తొలి నివేదిక 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచి వెలువడింది. నల్లగొండ జిల్లాలో ఈ వ్యాధిని వివరిస్తూ ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అదే నెల 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. జిల్లా నీటి రోగం ప్రపంచానికి తెలిసిన నెలలోనే జిల్లా గడ్డమీద మహానిర్మాణం మొదలైంది. కాని మర్రిగూడ, మునుగోడు, చండూరు వంటి ఎగువ ప్రాంతాల పల్లెలు ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు బోరునీటినే తాగాయి.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఇక్కడి పిల్లల్లో, యువకుల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోయే వికృతిని లాన్సెట్ పత్రికలో వివరించారు. ఆహారంలో కాల్షియం కొరవడితే ఫ్లోరైడు తాకిడి మరింత తీవ్రమవుతుందని తరువాతి అధ్యయనాలు చూపాయి. నీటిలోని లోటు కంచంలోనూ ఉన్న పేదలకే ఈ దెబ్బ ఎక్కువగా తగిలింది.

3. తూకం

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1975లో ఈ టెక్నిక్‌ను ప్రకటించింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి కలపాలి. దూదిపింజల వంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దలు ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు చేరతాయి. పై నీటిని వడగట్టి తాగాలి. వాడేవి అంగడిలో దొరికే వస్తువులే. కుండలో చిల్లగింజ అరగదీసి, పటిక తిప్పి నీటిని తేర్చుకునే అలవాటున్న సమాజానికి ఇది కొత్త పనిగా తోచదు.

కష్టమంతా మోతాదులోనే ఉంది. లీటరుకు 600 మిల్లీగ్రాముల పటిక వేస్తే కాల్షియం కార్బొనేట్ లెక్కలో దాదాపు 300 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. పటికలో ఇరవయ్యో వంతుగా, అంటే 30 మిల్లీగ్రాములుగా వేసే సున్నం అందులో కొంత మాత్రమే పూడుస్తుంది. మిగిలినది నీటి సహజ క్షారత నుంచే రావాలి. క్షారత చాలకపోతే నీరు ఆమ్లమై ముద్దలు సరిగా కట్టవు, అల్యూమినియం నీటిలో మిగులుతుంది. సున్నం మితిమీరినా ఫ్లోరైడు వదలదు. కనుక ఒక బోరుకు సరిపోయిన కొలత పక్క బోరుకు సరిపోదు.

4. పల్లెలో తూకం

ఈ కొలతను రోజూ ఎవరు చూడాలి? నీటిని పరీక్షించడం, మోతాదు మార్చడం, ఫ్లోరైడుతో నిండిన మడ్డిని జాగ్రత్తగా పారబోయడం కూలికి వెళ్ళే ఇల్లాలి మీదనో, జీతం సరిగా అందని పంపు ఆపరేటరు మీదనో పడే భారం. సాంకేతికత చౌకే; దాని నిర్వహణకు కావలసిన తీరిక, శిక్షణ చౌక కావు. ఫ్లోరైడుకు రంగు, వాసన లేవు. తరతరాలుగా తేటదనాన్నిబట్టి నీటిని నమ్మిన కంటికి తూకం తప్పిన సంగతి తెలిసే అవకాశమే లేదు.

అందుకే ప్రజల కోరిక పటిక నుంచి నదివైపు మళ్ళింది. 1996 సాధారణ ఎన్నికల్లో జలసాధన సమితి ఉద్యమ ఫలితంగా నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు పోటీ పడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అదే ఏడాది చట్ట సవరణతో సాధారణ అభ్యర్థుల డిపాజిట్టు 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. 2015లో ఇంటింటికీ నదీజలం అందించే పథకానికి జిల్లాలోని చౌటుప్పల్‌లోనే పైలాన్ ఆవిష్కరించారు. అదే మిషన్ భగీరథ.

ముగింపు

నల్లగొండ టెక్నిక్‌ను విఫల ప్రయోగంగా కొట్టివేయడం న్యాయం కాదు. నదీజలం చేరని చోట అది నేటికీ ఒక మార్గమే. కాని దాని చరిత్ర చెప్పే పాఠం స్పష్టం: రసాయన సమతుల్యతను నిలిపేది సామాజిక బాధ్యత. ఆ బాధ్యతను పేద ఇంటి బకెట్టుకు అప్పగించినంతకాలం తూకం తప్పుతూనే ఉంటుంది. నది నీరు వచ్చాక పుట్టిన పిల్లల కాళ్ళు నిటారుగా ఎదగవచ్చు. అంతకుముందే వంగిన ఎముకలను ఏ నీరూ సరిచేయదు. తాగే నీటిని తెలుగువారు ‘మంచినీళ్ళు’ అంటారు. ఆ మాటలోని ‘మంచి’ని నిజం చేయమని ఈ జిల్లా ప్రజలు అర్ధశతాబ్దానికి పైగా అడగవలసి వచ్చింది.