పీపా నుంచి సీసాకు: బీరు పులియడం ఆగిందని తెలుసుకున్న తీరు

బీరును కాచినవారి గురించీ అమ్మినవారి గురించీ చరిత్రకారులు విస్తారంగా రాశారు గాని, అది పులియడం ఎప్పుడు ఆగిందో పూర్వులు ఎలా పోల్చుకున్నారన్న సంగతికి ఆ పుస్తకాల్లో దక్కిన చోటు తక్కువ. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్టు అనీ, దాన్ని వేడినీటిలో నానబెట్టి తీసిన తియ్యని కషాయాన్ని వర్ట్ అనీ అంటారు. అందులో ఈస్ట్ చేరగానే చక్కెర ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడు వాయువుగా మారడం మొదలవుతుంది. ఇంగ్లండులో బీరు చెక్క పీపాల్లోనే ఉన్నంతకాలం ఈ మార్పు ఎప్పుడు ముగుస్తుందన్నది ఎవరినీ పెద్దగా కలవరపెట్టలేదు. పీపా రంధ్రం గుండా నురగ పొంగి పొర్లి, ఆ పొంగు తగ్గాక బిరడా బిగించేవారు. తొందరపడి బిగించినా, అందులోని సన్నని చెక్కమేకును కాస్త వదులు చేస్తే అదనపు వాయువు బుస్సుమని బయటికి పోయేది. తెలుగునాట తాటికల్లు, ఈతకల్లు సంగతి దీనికి తలకిందులు: లొట్టిలోకి కారుతుండగానే పులియడం మొదలుపెట్టే ఆ రసం పులుపు ముదరకముందే అమ్ముడుపోవాలి గనుక, ‘ఆగిందా’ అని కాక ‘మరీ పులిసిపోయిందా’ అన్నదే కల్లుగీత కార్మికులు చూసుకున్నారు.

బీరు పులియడం ఆగిందా అన్న ప్రశ్నను ప్రమాదకరంగా మార్చింది సీసా. లండన్ సెయింట్ పాల్ చర్చికి డీన్‌గా పనిచేసిన అలెగ్జాండర్ నోవెల్ చేపల వేటకు వెళ్లి గడ్డిలో మరిచిపోయిన బీరు సీసాను కొన్నాళ్లకు తెరిస్తే అది తుపాకిలా పేలిందన్న కథను థామస్ ఫుల్లర్ 1662లో అచ్చయిన తన గ్రంథంలో చెప్పి, సీసా బీరు పుట్టుకకు దాన్నే మూలంగా చూపాడు. ఒక్క మనిషి మతిమరుపుకు ఇంత ఘనత కట్టబెట్టడం నమ్మదగినది కాదు గాని, సీసాలో మూసిన బీరు లోపల పులుస్తూనే ఉంటుందని ఆనాటివారికి బాగానే తెలుసునన్నదానికి ఆ కథే సాక్ష్యం. 1615లో గర్వేస్ మార్కమ్ గృహిణుల కోసం రాసిన పుస్తకంలో సీసా మూతిని బిరడాతో మూసి గట్టి పురికొసతో కట్టమని చెప్పడం వెనుక ఉన్నదీ ఈ ఎరుకే. బొగ్గు కొలిమిలో తయారైన దళసరి గాజు 17వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చాక సీసాలు ఒత్తిడిని మునుపటికంటే మెరుగ్గా ఓర్చుకున్నాయి. కాని ఎంత ఒత్తిడి పుడుతుందో ముందుగా చెప్పగల సాధనం మాత్రం ఎవరి దగ్గరా లేదు. బీరు తేటపడిందా, మడ్డి దిగిందా, నాలుకకు తీపి తగులుతోందా అన్న మూడు గుర్తులే ఆధారం. అవి మూడూ మోసగించగలవు.

ఆ సాధనం వంటింటి నుంచి కాక పన్నుల శాఖ నుంచి వచ్చింది. పాలలో నీళ్లు కలిశాయేమో చూసే లాక్టోమీటరు ఏ సూత్రంతో పనిచేస్తుందో హైడ్రోమీటరుదీ అదే సూత్రం: అడుగున బరువున్న గాజు గొట్టం చిక్కని ద్రవంలో పైకి తేలుతుంది, పలచని దానిలో లోతుకు దిగుతుంది. నీటి సాంద్రతను 1.000గా తీసుకుంటే, చక్కెర నిండిన వర్ట్ 1.050 దగ్గర ఉండవచ్చు. చక్కెర తరిగి, నీటికంటే తేలికైన ఆల్కహాలు పెరిగేకొద్దీ ఆ అంకె 1.010 పరిసరాలకు దిగుతుంది. ఇటువంటి పరికరాన్ని రాబర్ట్ బాయిల్ 1675లోనే వర్ణించాడు. 18వ శతాబ్దంలో బ్రిటిష్ ఎక్సైజు అధికారులు సారాయి బలాన్ని కొలిచి పన్ను వేయడానికి దాన్ని వాడుకున్నారు. ఆ శాఖలో 19వ శతాబ్దం నుంచి ప్రామాణికమైన సైక్స్ హైడ్రోమీటరు లెక్క భారతదేశానికీ వచ్చింది. మన మద్యం సీసాలపై నేటికీ కనిపించే 42.8 శాతం అన్న వింత అంకె ఆ పద్ధతిలో మద్యం బలాన్ని తెలిపే కొలమానమైన ప్రూఫ్ లెక్కన 75 డిగ్రీలకు సమానం.

బీరు తయారీదారులు మాత్రం ఈ సాధనాన్ని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. థర్మామీటరుకూ అదే గతి పట్టింది. 1762లో మైకేల్ కోంబ్రూన్ తన గ్రంథంలో థర్మామీటరు వాడకాన్ని సమర్థించినా, వృత్తిలో తలపండినవారు చేతి స్పర్శనే నమ్మారు. హాంప్‌షైర్ జిల్లా ఆల్టన్‌కు చెందిన జేమ్స్ బావర్‌స్టాక్ థర్మామీటరును తండ్రి కంటపడకుండా దాచుకుని వాడవలసి వచ్చింది. 1760ల చివర హైడ్రోమీటరుతో వర్ట్‌ను కొలవడం మొదలుపెట్టి, లండన్‌లో పేరుమోసిన శామ్యూల్ విట్‌బ్రెడ్‌కు చూపబోతే, ఆ పెద్దమనిషి ఇవన్నీ గాలిమేడలని కొట్టిపారేసి ఇంటికి వెళ్లి పని చూసుకోమన్నాడు. సదర్క్‌లో యాంకర్ బ్రూవరీ నడిపిన హెన్రీ థ్రేల్ మాత్రం ఆదరించాడు. ఈ తిరస్కారం వట్టి మొండితనమే కాదు. కంటితో, నాలుకతో, చేతితో పనిచేసే నేర్పే తయారీదారు ఆస్తి, దాన్ని ఎవరైనా చదవగల అంకెగా మార్చడమంటే ఆ ఆస్తిని పంచిపెట్టడమే.

హల్ నగరంలోని జాన్ రిచర్డ్‌సన్ 1784లో ప్రచురించిన గ్రంథంతో పరిస్థితి మారింది. అతడు ఈ పరికరానికి చక్కెర కొలమానం అనే అర్థంలో శాకరోమీటరు అని పేరు పెట్టి, మొదటి అంకెను చివరి అంకెతో పోల్చడం నేర్పాడు; ఆ రెండింటి మధ్య తరుగును అటెన్యుయేషన్ అంటారు. ముదురు రంగు మాల్టు చవకగా కనిపించినా దాని నుంచి దిగే సారం లేత మాల్టు కంటే చాలా తక్కువని ఇదే పరికరం బయటపెట్టడంతో పోర్టర్ అనే ముదురు రంగు బీరు తయారయ్యే తీరే మారిపోయింది. సీసాలకు సంబంధించి అసలు లాభం వేరే ఉంది: ఎంత చక్కెర మిగిలిందన్నది తొలిసారి ఊహకు బదులు అంకె అయింది.

దీని ప్రయోజనం మద్రాసు, కలకత్తా రేవుల దాకా చేరింది. 1820ల నుంచి బర్టన్ పట్టణపు తయారీదారులు భారతదేశానికి పంపిన పేల్ ఏల్ అనే లేత రంగు బీరు నెలల తరబడి ఓడలో ఉష్ణమండలం దాటి రావాలి. చక్కెర ఎక్కువ మిగిలిన బీరు ఆ వేడికి పీపాలోనే మళ్లీ పొంగేది గనుక, దాన్ని వీలైనంత తక్కువ సాంద్రతకు దిగేదాకా పులియనిచ్చి ఓడెక్కించేవారు. దాన్ని ఇక్కడికి వచ్చాక సీసాల్లో నింపడమూ ఉండేది.

1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ బ్రిటన్‌లో మాల్టు మీది పన్నును ఎత్తివేసి వర్ట్ సాంద్రతను బట్టి సుంకం విధించడంతో హైడ్రోమీటరు ప్రతి బ్రూవరీకీ తప్పనిసరి అయింది. ఇంట్లో బీరు కాచుకునేవారు లైసెన్సు తీసుకోవలసి వచ్చింది. ఆ లైసెన్సు 1963లో రద్దయింది. అమెరికాలో ఇంటి తయారీకి అడ్డుగా ఉన్న ఫెడరల్ పన్నును తొలగించే చట్టంపై అధ్యక్షుడు కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేశాడు. ఇలా వంటింటికి తిరిగివచ్చిన బీరుతోపాటు ఒకప్పటి సుంకాధికారి హైడ్రోమీటరు కూడా వచ్చింది.

తొలిసారి బీరు చేసేవారికి ఆ సాధనం ఎందుకు కావాలో చిన్న లెక్క చెబుతుంది. సాంద్రత ఒక్క పాయింటు, అంటే 0.001 మేర, తగ్గితే లీటరు బీరులో సుమారు అర లీటరు వాయువు పుడుతుంది. నురగ కోసం సీసాలో నింపే ముందు లీటరుకు 6 గ్రాముల చక్కెర కలిపితే వచ్చేది సుమారు లీటరున్నర వాయువు మాత్రమే. పులియడం ముగియకముందే 10 పాయింట్లు మిగిలి ఉండగా సీసా మూస్తే దానికి మరో అయిదు లీటర్లు తోడవుతుంది, మామూలు సీసా తట్టుకోలేనంత. గాలిని రానివ్వక వాయువును మాత్రం వదిలే నీటిమూతలో బుడగలు ఆగడం నమ్మదగిన గుర్తు కాదు: మూత అంచు వదులైనా బుడగలు ఆగిపోతాయి, పులియడం ముగిశాక గది వేడెక్కినా కరిగి ఉన్న వాయువు విడుదలై బుడగలు వస్తాయి. అందుకే పరికరంపై సూచించిన ఉష్ణోగ్రతకు సవరించి, రెండు మూడు రోజుల ఎడంతో తీసిన రెండు అంకెలు ఒకటైతేనే ఆగిందంటారు. అయితే చలికి ఈస్ట్ మధ్యలో నిద్రపోయినా అంకె కదలదు. ఈ సందేహం తీర్చడానికి బ్రూవరీల్లో ఒక పద్ధతి పాటిస్తారు: వర్ట్‌లో కొంత విడిగా తీసి, ఎక్కువ ఈస్ట్ వేసి వెచ్చని చోట ఉంచితే అది ఒకటి రెండు రోజుల్లోనే దిగవలసినంత దిగుతుంది, పెద్ద పాత్రలోని బీరు ఆ చిన్న కూజా చూపిన అంకెను చేరుకున్నాకే సీసాలు కడగడం మొదలవుతుంది.