ఖాస్రా పహాణీ అనే స్నాప్‌షాట్
ఫైల్ సర్వర్లలో డిస్కులు చూసుకోవడం నా పని. చెన్నూరులో ఎవరైనా స్నాప్‌షాట్ అంటే ఏందని అడిగితే ఖాస్రా పహాణీ పేరు చెప్తా. 1954-55లో ఏ సర్వే నంబరుకు ఎవరు పట్టాదారో, కాస్తులో ఎవరున్నారో ఊరూరా రాసిపెట్టిన లెక్క అది. తర్వాత ఏటేటా కొత్త పహాణీ రాసినా అది అట్లనే ఉండాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ చేసేదీ అదే: మార్పును కొత్త బ్లాకులో రాస్తుంది, స్నాప్‌షాట్ పట్టుకున్న పాత బ్లాకును ముట్టదు.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పట్వారీ వ్యవస్థను తీసేసేదాకా ఈ దస్త్రం చాలాచోట్ల ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ ఇంట్లోనే ఉండేది. మా లెక్కలో అది జోడీ లేని ఒంటి డిస్కు. చెద పడితే గోవిందా!

2020లో తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. పహాణీలో కాస్తులో ఉన్నవాళ్ల పేరు రాసే అనుభవదారు కాలమ్ అందులోకి రాలేదు. కాలమ్ వదిలేసి డేటా మార్చడాన్ని మా పనిలో మైగ్రేషన్ అనరు. తగాదా ముదిరితే రైతులు ఇప్పటికీ ఖాస్రా నకలు కోసమే తహసీల్ ఆఫీసుకు పోతారు.