పేలియో డైట్

పేలియో డైట్ అనేది పాత రాతియుగపు మానవులు తిన్నారని భావించే ఆహారాన్ని ఆదర్శంగా తీసుకొని రూపొందించిన ఒక ఆధునిక ఆహార పద్ధతి. దీనిని రాతియుగపు ఆహారం, ఆదిమానవ ఆహారం అని కూడా వ్యవహరిస్తారు. వరి, గోధుమ, జొన్న, మొక్కజొన్న మొదలైన ధాన్యాలను పూర్తిగా విడిచిపెట్టడం ఈ పద్ధతి ముఖ్య లక్షణం. బరువు తగ్గడానికి, శరీరంలోని కొవ్వును కరిగించుకొని సన్నబడడానికి ఎక్కువమంది దీనిని చేపడుతుంటారు.

నియమాలు

మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు, బాదం, జీడిపప్పు వంటి గింజలు తినవచ్చు. ధాన్యాలతో పాటు కంది, పెసర, మినుము, శనగ వంటి పప్పుధాన్యాలు, పాలు, పెరుగు, పంచదార, శుద్ధిచేసిన నూనెలు, కర్మాగారాలలో తయారైన తినుబండారాలు నిషిద్ధం. ఉప్పు కూడా తగ్గించాలంటారు. బంగాళాదుంప విషయంలో ఈ పద్ధతిని ప్రచారం చేసేవారిలోనే ఏకాభిప్రాయం లేదు. రాగి, కొర్ర, సామ వంటి చిరుధాన్యాలు ఆరోగ్యకరమైనవని పేరుపొందినా అవి కూడా ధాన్యాలే కనుక ఈ పద్ధతిలో వాటికి చోటు లేదు.

చరిత్ర

అమెరికాకు చెందిన జీర్ణకోశ వైద్యుడు వాల్టర్ వోగ్ట్‌లిన్ 1975లో రాతియుగపు ఆహారంపై ఒక పుస్తకం ప్రచురించాడు. అయితే ఈ ఆలోచనకు శాస్త్రలోకంలో గుర్తింపు తెచ్చింది అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్‌లు 1985లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వ్రాసిన వ్యాసం. మానవ శరీరం లక్షల ఏళ్ల వేట, సేకరణ జీవితానికి అనువుగా రూపొందిందనీ, సుమారు 10,000 ఏళ్ల క్రితం మొదలైన వ్యవసాయానికి అది ఇంకా పూర్తిగా అలవాటు పడలేదనీ, స్థూలకాయం, మధుమేహం, గుండెజబ్బులకు ఈ పొసగనితనమే ఒక కారణమనీ వారి వాదన. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన లోరెన్ కోర్డెయిన్ 2002లో వెలువరించిన పుస్తకంతో ఇది సామాన్య ప్రజలలోకి వెళ్లింది.

ఆక్షేపణలు

ఆదిమానవులు ధాన్యం ముట్టలేదన్న మాటను పురావస్తు ఆధారాలు బలపరచడం లేదు. ఇజ్రాయెల్‌లోని గలిలీ సరస్సు ఒడ్డున ఒహాలో-2 అనే చోట సుమారు 23,000 ఏళ్లనాటి నివాసంలో అడవి బార్లీ, అడవి గోధుమ గింజలతో పాటు వాటిని నూరిన రాయి దొరికింది. జోర్డాన్‌లోని షుబైకా-1 వద్ద దొరికిన రొట్టె మాడు ముక్కలు వ్యవసాయం కంటే సుమారు 4,000 ఏళ్లు ముందటివని 2018లో ప్రకటించారు. మానవ శరీరం మారకుండా నిలిచిపోయిందన్న మాట కూడా సరికాదు. పిండిపదార్థం ఎక్కువగా తినే జాతులలో దానిని జీర్ణం చేసే లాలాజల ఎంజైమ్ జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నట్లు 2007లో వెల్లడైంది. పెద్దవయసులోనూ పాలు అరిగించుకొనే శక్తి కొన్ని జాతులకు గత 10,000 ఏళ్లలో వచ్చినదే.

పైగా ఆదిమ ఆహారం అంటే ఒకటి కాదు. పాపువా న్యూ గినీలోని కితావా ద్వీపవాసులను స్వీడన్ వైద్యుడు స్టాఫాన్ లిండెబెర్గ్ 1989 నుండి పరిశీలించాడు. వారికి ధాన్యం లేదు గాని, పెండలం, చేమ, చిలగడదుంపల వలన ఆహారశక్తిలో మూడింట రెండు వంతులు పిండిపదార్థం నుండే వచ్చేది. స్థూలకాయం మాత్రం కనిపించలేదు. నల్లమల చెంచుల ఆహారంలో కూడా వేటమాంసం కంటే తవ్వి తెచ్చుకొనే దుంపల పాలే ఎక్కువని 1943లో ప్రచురితమైన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ గ్రంథం వలన తెలుస్తుంది. 

బరువు తగ్గడం

సిద్ధాంతంలో లోపాలున్నా ఈ ఆహారంతో బరువు తగ్గుతుందన్నది నిజమే. ప్రోటీను, పీచు ఎక్కువగా ఉండడం వలన త్వరగా కడుపు నిండుతుంది. అన్నం, రొట్టె, మిఠాయి, వేపుడు చిరుతిళ్లు ఒక్కసారిగా పోవడంతో లెక్కపెట్టకుండానే తినే శక్తి తగ్గుతుంది. అయితే పిండిపదార్థం బాగా తగ్గించినవారికి మొదటి వారంలో తూకంలో కనిపించే తగ్గుదలలో ఎక్కువ భాగం కొవ్వు కాదు. కాలేయం, కండరాలలో గ్లైకోజెన్ రూపంలో సుమారు అర కిలో పిండిపదార్థం నిలువ ఉంటుంది. ప్రతి గ్రాముతో దాదాపు 3 గ్రాముల నీరు చేరి ఉంటుంది. ఆ నిలువ తరిగితే నీరూ పోతుంది. మళ్లీ అన్నం తినగానే రెండు రోజులలో బరువు కొంత తిరిగి రావడానికి కారణం ఇదే.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని డెర్బీ ప్రాంతంలో కెరిన్ ఓడియా జరిపిన పరిశీలన (1984) ఈ విషయంలో ప్రసిద్ధమైనది. పట్టణ జీవితానికి అలవాటుపడి మధుమేహం బారినపడిన 10 మంది ఆదివాసులు 7 వారాలు తమ పూర్వుల భూమికి వెళ్లి వేట, చేపలు, దుంపలతో జీవించారు. వారు సగటున 8 కిలోలు తగ్గారు, రక్తంలో చక్కెర బాగా దిగింది. అయితే వారు రోజుకు తిన్నది సగటున 1,200 కిలోకాలరీలు మాత్రమే; నడక, శ్రమ కూడా పెరిగాయి. కాబట్టి ఆ ఫలితంలో ధాన్యం మానడం వలన వచ్చినదెంతో విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

దీర్ఘకాలిక ప్రయోగాలు తక్కువ. స్వీడన్‌లోని ఉమియోలో ముట్లుడిగిన 70 మంది స్థూలకాయ స్త్రీలను రెండు బృందాలుగా చేసి, ఒక బృందానికి పేలియో ఆహారం, రెండవదానికి ఆ దేశాలలో సాధారణంగా సిఫారసు చేసే ఆహారం ఇచ్చి రెండేళ్లు గమనించారు (2014లో ప్రచురితం). ఆరు నెలలకు పేలియో బృందంలో కొవ్వు సగటున 6.5 కిలోలు, రెండవ బృందంలో 2.6 కిలోలు తగ్గింది. రెండేళ్లకు ఆ అంకెలు 4.6, 2.9గా మారి, తేడా గణాంకపరంగా నిలవలేదు. రక్తంలో ట్రైగ్లిసరైడ్లు మాత్రం పేలియో బృందంలోనే తక్కువగా ఉన్నాయి.

తెలుగువారి ఆహారంతో పొంతన

"అన్నం తిన్నారా" అన్నదే కుశలప్రశ్నగా గల తెలుగువారికి ధాన్యం మానడం అంటే భోజనం తీరునే మార్చుకోవడం. మాంసాహారులకు ఇది కష్టసాధ్యం. పప్పు, పెరుగు, ధాన్యం మూడూ పోతే ప్రోటీనుకు గింజలు తప్ప ఆధారం లేని శాకాహారులకు దాదాపు అసాధ్యం. గుడ్డు తినేవారికి కొంత వెసులుబాటు ఉంది. 2010ల చివరలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన పద్ధతిలోనూ అన్నం మానాలి గనుక కొందరు రెండింటినీ ఒకటిగా భావిస్తారు. అది కొబ్బరినూనె వంటి కొవ్వులు ప్రధానంగా గల పద్ధతి, కీటో ఆహారానికి దగ్గరైనది.

జాగ్రత్తలు

ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు మందు మోతాదు మార్చకుండా ధాన్యం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వైద్యునికి చెప్పకుండా మందు మానడం కూడా అంతే ప్రమాదం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఎక్కువ ప్రోటీను తగదు. పాలు లేనందున కాల్షియం కొరత రావచ్చు. ఎముకలు పెళుసుబారే వయసు స్త్రీలు దీనిని గమనించాలి. అయోడిన్ కలిపిన ఉప్పు మానినవారికి ఆ లోపం కూడా ఏర్పడవచ్చు. ఉమియో ప్రయోగంలో పేలియో బృందపు స్త్రీలలో ఈ లోపం కనిపించినట్లు తరువాత తేలింది.