నాంపల్లి పెరళ్ళు

పెరటిచెట్టు మందుకు రాదని పెద్దలు చెప్పుదురు. అది మన చరిత్రకును రాలేదు. హైదరాబాదు కోటలను గూర్చి, మహలులను గూర్చి, నవాబుల వజ్రవైడూర్యములను గూర్చి వ్రాసినవారెందరో కలరు గాని, నాంపల్లి స్టేషను మొదలు ఆబిడ్సు చౌరస్తా వరకు నేడు దుకాణముల బోర్డులు క్రిక్కిరిసియున్న ఆ కొద్దిపాటి నేలమీద, రెండు మూడు తరముల క్రిందట, ప్రహరీగోడల వెనుక గిలకబావియు, జామచెట్టును, పందిరినిండ ప్రాకిన సన్నజాజియు, వసారాలో చిలుకపంజరమును, మిద్దెమీద పావురముల గూళ్ళును గలిగి గృహస్థులు గడపిన దినచర్యను చరిత్రవిషయముగా నెంచి వ్రాసినవారు మిక్కిలి అరుదు. యుద్ధములు కొంతకాలమునకు ముగియును. పెరటిపని ఏటేట, పూటపూట సాగుచునే యుండును. మనుష్యుల చేతులను ఇంతకాలము పనిలో నుంచినదానిని విడిచి వ్రాసిన చరిత్ర సగము చరిత్రయే యని నా అభిప్రాయము.

ఈ ప్రాంతపు పేర్లలోనే తోటలు దాగియున్నవి. జాంబాగు, బషీరుబాగు, కొంచెము దూరమున బాగులింగంపల్లి. వాని నడుమ బొగ్గులకుంట వంటి నీటిపేర్లు. నాంపల్లి యను పేరు కుతుబ్‌షాహీల కొలువులోని నేక్‌నాంఖాను పేరిట వచ్చినదని పెద్దలు చెప్పుచుందురు. 17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ నగరమును భాగనగరమనియే పేర్కొని, ఆ పేరును తోటలతో ముడిపెట్టెను. ఇచ్చట తోట ముందు వచ్చినది, ఇల్లు తరువాత వచ్చినది.

ఇండ్లు వచ్చిన క్రమమును తెలిసికొనుట కష్టము గాదు. మూసీకి ఉత్తరపుటొడ్డున 1834లో సెయింట్ జార్జి పాఠశాలయు, 1887లో నిజాం కళాశాలయు వెలసినవి. వాడి జంక్షను నుండి సికింద్రాబాదునకు 1874లో రైలు నడచినది. 1907లో నాంపల్లి స్టేషను భవనము లేచినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో ఆంతరంగిక పరిచారకుడుగా నుండిన ఆబిడ్ అను అర్మీనియను ఇచ్చట ఒక దుకాణము తెరచెను. ఆ దుకాణపు పేరు చౌరస్తాకు, చౌరస్తా పేరు పేటకంతకును ఎక్కినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టబెట్టుకొనిన పిదప, ఇరుకుసందుల పాతనగరమును విడిచి మిట్టనేలను వెదకుకొనుచు ఏటిని దాటి వచ్చిన కుటుంబములు పెక్కులు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి వీథులు వెడల్పు చేయనారంభించెను.

ఆ యిండ్లు ఒక్క తీరున ఉండెడివి కావు. జాగీరుదారుల డ్యోఢీలలో నాలుగు వైపుల గదులు, నడుమ ఆకాశమునకు తెరచిన సెహను, దానిలో ఒక చబూత్రా, అనగా అరుగు. ఎండ వాలిన పిదప దానిపై నీళ్ళు చల్లి, తఖ్తు వేయించి, మోగ్రాపూల వాసన నడుమ కూర్చుండి ముచ్చటించుకొనెడివారు. వకీళ్ళును, ఇంజనీర్లును, ఉపాధ్యాయులును కట్టుకొన్న బంగళాలలో ఇల్లు నడుమను, ఖాళీస్థలము చుట్టును ఉండెడిది. ముందువైపు క్రోటను కుండీలు, వెనుకవైపు వేరుగా వంటయిల్లు. పాలమూరు నుండియో, నల్లగొండ నుండియో, ఓరుగల్లు నుండియో పిల్లల చదువుకొరకు వచ్చి చేరిన తెలుగు గృహిణి మాత్రము, ఇల్లు చూడబోయినప్పుడు గదులెన్ని యని తరువాత అడిగెడిది. పెరడెక్కడ, బావినీళ్ళు మంచివేనా యని ముందుగా అడిగెడిది.

ఆమెకు పెరడొక పంచాంగము. ఎండలు ముదిరిన నాళ్ళలో అది ఆరబెట్టు నేల: గుమ్మడివడియములు, మామిడి ఒరుగులు, వంకాయ ఒరుగులు, మిరపకాయలు పాతపంచెలమీద పరచి, కాకులు వ్రాలకుండ పిల్లలను కాపలా కూర్చుండబెట్టెడివారు. మృగశిర కార్తె వచ్చి తొలకరి పడగానే ఆ నేలలోనే బీర, సొర, పొట్ల, చిక్కుడు విత్తులు నాటెడివారు. ఆషాఢమున గోరింటాకు రుబ్బుటయు, బతుకమ్మ నాళ్ళలో బంతిపూలు కోసి, పెరట దొరకని తంగేడును గునుగును వెల పెట్టి తెచ్చుటయు, రథసప్తమినాడు పందిరినుండి చిక్కుడాకులు తెచ్చి వానిలో పరమాన్నము సూర్యునకు నివేదించుటయు జరిగెడిది. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలపు అతిథికి వడియములతోను ఒరుగులతోను అన్నము పెట్టుటను కృష్ణదేవరాయలు వర్ణించెను. ఎండాకాలపు ఎండను దాచిపెట్టి వానకాలపు విస్తరిలో వడ్డించు ఆ నేర్పు, నాలుగువందల సంవత్సరముల పిమ్మట చిరాగ్ అలీ గల్లీలోని వంటయింటను చెక్కుచెదరక నిలిచియుండెను. దానిని నిలిపినవారి పేర్లు ఏ శాసనమునను లేవు.

పెరటి ప్రాణము బావిలో నుండెడిది. చేదతో తోడిన నీరు గచ్చుమీద అంట్లు కడిగి, కాలువవెంట పారి, అరటిపాదును తడిపి, చివరకు కరివేపమొక్క మొదట ఇంకెడిది. ఒక్క చుక్క వీథిలోనికి పోయెడిది కాదు. బావిలేని ఇండ్లకు భిస్తీ తోలుమషకుతో నీళ్ళు తెచ్చిపోసెడివాడు. అయితే ఈ నిలువనీటికి ఒక చీకటికోణము కూడ కలదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టినది ఈ జంటనగరములలోని సికింద్రాబాదుననే. పెరటి తొట్టియు, కుండీయు, పాడుబావియు మలేరియాకును పుట్టినిండ్లని లోకమునకు తెలిసినది ఆ పిదపనే. 1920లో ఉస్మాన్‌సాగరు నిండి గండిపేట నీరు కొళాయిలలో దిగగా, బావికి పని తగ్గినది. గండిపేట నీళ్ళు త్రాగినవాడు ఈ ఊరు విడువడని జనము మెచ్చుకొనిరి, అది నిజమే. ఆ నీటివలన రోగములు తగ్గినవనుటయు నిజమే. కాని గిలక చప్పుడు ఆగినదాది పెరటికి పోవు త్రోవలో గడ్డి మొలచినది. మొదట బావిపై బండ పరచిరి, తరువాత చెత్త నింపిరి, ఆ తరువాత దానిపై గది లేపిరి. ఇంటివారికి మేలు చేసిన కొళాయియే పెరటికి కీడు చేసినది.

పెంపుడు ప్రాణులలో పెద్దపీట పావురములది. గిరాబాజు ఆకాశమున గంటలకొలది ఎగురును. లక్కా నెమలివలె తోక విప్పి తిరుగును. లోటను నేలమీద పల్టీలు కొట్టును. మహబూబుచౌకు దాపున నున్న ముర్గీచౌకులో వీనిని కొని తెచ్చి, మిద్దెమీద గూళ్ళు కట్టి, సాయంకాలము వెదురుగడకు గుడ్డపేలిక తగిలించి ఊపుచు, నోట ఈల వేయుచు గుంపును ఎగురవేసెడివారు. పొరుగు మిద్దెనుండి లేచిన గుంపుతో మన గుంపు కలిసి విడిపోవునప్పుడు ఎవరి పక్షి ఎవరి వెంట దిగినదో చూచుటయే ఆ ఆటకు పట్టు. నవాబుగారి కొడుకును, టాంగా తోలువాడును ఒకే ఆకాశమును చూచుచు నిలువబడిన ఘడియలవి. ఈ నగరమున మతమును, హోదాను అడుగక మనుష్యులను కలిపిన వినోదములలో నేను దీనికే మొదటి స్థానమిత్తును. చిలుకల సంగతి వేరు. రెక్కలు కత్తిరించి, పంజరమునబెట్టి, రెండు భాషలు నేర్పిన చిలుకను చూచి మురిసిపోయిన కాలమది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మొదలై ఆ వాడుకకు చట్టము అడ్డుపడినది. పోయిన పెరటి సొమ్ములలో నేను విచారింపనిది ఆ పంజరమొక్కటే.

కోడిపందెములను, పొట్టేళ్ళ పోరును వర్ణించిన క్రీడాభిరామమను పాతకావ్యమును చూపి, ఆనాటి ఓరుగంటి వీథులలో జనమెట్లు తిరిగిరో, ఏమి తినిరో, ఎట్లు ఆడిరో మనకు తెలియజెప్పినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడి, 1955లో సాహిత్య అకాడమీ బహుమానము పొందినది. తెలుగునకు ఆ అకాడమీ ఇచ్చిన మొదటి బహుమానమదియే. రాజులను ప్రక్కకు జరిపి జనులను ముందునకు పిలిచిన ఆ గ్రంథకర్త ఈ పేటకు పరాయివాడు కాడు. 1918లో రాజబహద్దూరు వేంకటరామారెడ్డిగారి పూనికతో ఆబిడ్సులో వెలసిన రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు ఆయన కార్యదర్శిగా నుండెను; ఈ నగరముననే గోలకొండ పత్రికను స్థాపించెను. ఈ వీథులలో నడచిన మనిషియే ఆ దారి చూపి పోయినాడు గనుక, ఈ వీథుల పెరళ్ళను గూర్చి వ్రాయుటకు మనకు వేరొక గురువు అక్కరలేదు.

తీరికవేళ వేడుకలలో తపాలాబిళ్ళల సేకరణ యొకటి. నిజాము రాజ్యమునకు 1869 నుండి సొంత తపాలాబిళ్ళలు ఉండెడివి. 1931లో వెలువడిన వరుసలో అణాబిళ్ళపై చార్మినారును, నాలుగణాల బిళ్ళపై ఉస్మాన్‌సాగరును ముద్రించిరి. ఇంటి బావిని ఎండగట్టిన జలాశయము ఇంటి ఆల్బములోనికి బొమ్మయై వచ్చినది. 1950లో రాజ్యపు తపాలా భారత తపాలాలో కలిసిపోవుటతో ఆ బిళ్ళలకు విలువ పెరిగినది; ఆబిడ్సు పెద్దతపాలాఫీసు మాత్రము నేటికిని ఆ చౌరస్తాకు గుర్తుగా నిలిచియున్నది. ఆదివారమున దుకాణములు మూసియుండగా వాని ముంగిటి కాలిబాటపై పరచు పాతపుస్తకముల సంత మరియొక వేడుక. ఎవరి యింటి అలమరనో ఖాళీచేయగా వచ్చిన పుస్తకపు మొదటి పుటలో పెండ్లికానుకగా వ్రాసిన అక్షరములును, నడుమ ఎండిన పువ్వును కనబడినప్పుడు, ఆ పువ్వు పూచిన పెరడెక్కడిదో యని నేను పలుమారులు నిలిచిపోయితిని.

పెరడు పోయిన విధమును చెప్పుటకు ఎక్కువ మాటలు పట్టవు. వీథివైపు గోడకు మొదట ఒక దుకాణము మొలచినది. దాని అద్దె ఇంటియజమాని జీతమును మించినది. అన్నదమ్ముల భాగములలో బావి ఒకరికి, చెట్టు మరియొకరికి పడినవి. సెహనుపై రేకులు వేసి గోదామును చేసిరి. తరువాత ఇల్లే పోయి అంతస్తులు లేచినవి. ఎవరిని నిందింపవలెనో నాకు తోచదు. పిల్లల చదువునకు, ఆడపిల్ల పెండ్లికి పెరడమ్ముకొన్నవానిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు.

ఇండ్లను విడిచిన పెరడు కొంత మేరకు బాగెఆంలో తలదాచుకొన్నది. 1846లో నెలకొల్పిన ఆ తోటను నేడు పబ్లిక్ గార్డెన్స్ అందుము. నగరపు జంతుశాల పూర్వము అందే యుండెను. 1963 అక్టోబరు 6న మీరాలం చెరువుకడ నెహ్రూ జంతుశాల తెరచుటతో అది అచ్చటికి తరలినది. 1938లో నుమాయిషు అను ప్రదర్శన పుట్టినదియు ఆ తోటలోనే. 1946లో అది నేటి ఎగ్జిబిషను మైదానమునకు మారినది. ఏటేట జనవరి 1 నుండి సాగు ఆ సంతలో ఊరగాయ జాడీలును, పూలకుండీలును బేరమాడు గృహిణులను చూచినచో, ఇంటిని తీర్చిదిద్దుకొను ముచ్చట ఇంకను ఎక్కడికిని పోలేదని తెలియును. మట్టినేల దొరకనివారు మిద్దెయెక్కిరి: తొట్లలో మన్ను నింపి టమాటయు, తోటకూరయు, బీరతీగయు పెంచుట నేడు మిద్దెతోట యను పేరుతో ఇంటింటి మాటయైనది. తాతలు పావురములకు గూళ్ళు కట్టిన చోటనే మనుమలు కూరగాయలకు మళ్ళు కట్టుచున్నారు.

ఈ వ్యాసము చదువువారికి నాదొక విన్నపము. నాంపల్లిలో గాని, ఆబిడ్సులో గాని, దాపున నున్న పేటలలో గాని మీ పూర్వులకు ఇల్లుండినచో, దాని పాత కబాలా, అనగా క్రయపత్రము, ఉర్దూలో వ్రాసినది మీ బీరువా అడుగున ఎక్కడనో పడియుండును. మీరు చదువలేని కాగితమని దానిని పారవేయకుడు. ఉర్దూ తెలిసిన పెద్దవారొకరిచేత చదివించి, చౌహద్దీ, అనగా నాలుగు ఎల్లలు, ఎట్లు వ్రాసిరో, బావి యున్నదన్నారో లేదో, ఏ చెట్లను పేర్కొనిరో తెలుగులో వ్రాసికొని, ఇంటి పెద్దలు బ్రతికియుండగనే ఆ చెట్టు ఏ మూల నుండెడిదో వారిని అడిగి ఆ ప్రక్కనే గుర్తుంచుడు.