యోమావారి: ముద్దొచ్చే బొమ్మల్లో భయం

జపాన్‌కు చెందిన నిప్పన్ ఇచి సాఫ్ట్‌వేర్ 2015లో ప్లేస్టేషన్ వీటా కోసం విడుదల చేసిన భయానక వీడియోగేమ్ 'యోమావారి'. మరుసటి ఏడాది అది ఇంగ్లీషులోనూ వచ్చింది. పెద్ద తల, తలలో రిబ్బను, చేతిలో టార్చిలైటు ఉన్న చిన్న పిల్ల ఇందులో నాయిక. ఆట మొదట్లోనే ఆమె పెంపుడు కుక్క పోరో లారీ కింద పడి చనిపోతుంది. ఆ మాట అక్కకు చెప్పలేకపోతుంది. కుక్కను వెతకడానికి వెళ్లిన అక్క తిరిగి రాదు. అక్క కోసం ఆ పిల్ల దయ్యాలు తిరిగే వీధుల్లోకి ఒంటరిగా బయలుదేరుతుంది. పోరాడేందుకు ఆయుధమేదీ ఉండదు. పరుగెత్తాలి, లేదా పొదల్లో దాక్కోవాలి.

విమర్శకులు ఎక్కువగా మెచ్చుకున్నది శబ్దాన్ని. నేపథ్య సంగీతం దాదాపు ఉండదు. దయ్యం దగ్గరపడేకొద్దీ గుండె చప్పుడు పెరుగుతుంది. ముద్దులొలికే బొమ్మలు భయాన్ని తగ్గించకపోగా పెంచాయన్నది చాలామంది మాట, అది నిజం కూడా: అంత చిన్నపిల్లకు ఏమవుతుందోనన్న బెంగే ఈ ఆటకు ప్రాణం. ఒక్క తాకిడికే చావు, చచ్చి చచ్చి దారి నేర్చుకోవడం, నిడివి తక్కువ కావడం మాత్రం చాలామందికి నచ్చలేదు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. పదే పదే చస్తుంటే భయం అలవాటైపోతుంది.

2017లో రెండో భాగం, 2022లో మూడో భాగం వచ్చాయి.