డ్రిల్లు మాస్టారు రహీం సాబ్

నర్సీపట్నం దగ్గర, తాండవ రిజర్వాయరు ఉన్న మండలం నాతవరం. ఆ చుట్టుపక్కల బళ్ళలోనే మేం చదువుకున్నాం. మాకు ఆటలంటే డ్రిల్లు మాస్టారే. విజిలు ఊదేదీ ఆయనే, మోకాలు చీరుకుంటే టించరు రాసేదీ, మడమ బెణికితే గుడ్డ కట్టేదీ ఆయనే. లెక్కల సిలబస్ అవలేదంటే ముందు ఎగిరిపోయేదీ ఆయన పీరియడే.

1986 ఏప్రిల్‌లో షార్జాలో మియాందాద్ ఆఖరి బంతికి సిక్సరు కొట్టాడు. కొట్టింది ఆయన, జవాబు చెప్పుకోవాల్సింది మేం. "మీవాళ్ళు గెలిచార్రా సాయిబూ" అన్నారు తోటిపిల్లలు. రేడియో ముందు మేమూ ఏడ్చామని ఎవరితో చెప్పుకుంటాం?

ఆ రోజు మాకొక పేరు తెలిసుంటే బాగుండేది. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనా డ్రిల్లు మాస్టారే. 1909లో పుట్టి, ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడిపిల్లల ఆటలు చేతిలోకి తీసుకున్నారు. ఆయన పెట్టిన పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒకదాంట్లో బంతిని కాలి దగ్గర అట్టే పెట్టుకోకూడదు, అందగానే ఇంకొకడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాలు లేని కాలితోనే తన్నాలి. హైదరాబాదు కుర్రాళ్ళకి రెండు కాళ్ళూ ఆడటం అలా వచ్చింది.

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్. దాని వెనకాల జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. హైదరాబాదు ముస్లిం అంటేనే రజాకారు అని వేలు చూపించిన రోజులవి. రెండున్నరేళ్ళు తిరక్కుండానే, 1951 మార్చిలో, ఆ హైదరాబాదు ముస్లిం పంతులే తీర్చిదిద్దిన భారత జట్టు ఢిల్లీలో ఇరాన్‌ని 1-0తో ఓడించి మొదటి ఆసియా క్రీడల బంగారు పతకం కొట్టింది. దేశభక్తి సర్టిఫికెట్లు అడిగేవాళ్ళ లెక్కలో ఈ గోలు ఎటు పడిందో మాకు తెలీదు.

1952 హెల్సింకీలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. నాలుగేళ్ళకి మెల్‌బోర్న్‌లో అదే మన దేశం ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, బలరాం, అందరూ మన హైదరాబాదు, సికిందరాబాదువాళ్ళే.

1962 జకార్తా సంగతి వేరు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడం మీద మన అధికారి అన్న మాటలకి ఊరంతా మండిపోయి ఉంది. స్టేడియం మొత్తం మన జట్టు మీద అరుస్తోంది. గోలీ తంగరాజ్‌కి ఫ్లూ. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు. బడిలో దెబ్బ తగిలిన పిల్లాణ్ణి ఏం చెయ్యాలో రోజూ తేల్చుకునే మాస్టారికే ఇలాంటిది తడుతుందనుకుంటాం: జర్నైల్‌ని ఫార్వర్డుగా ముందుకి తోశారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. దక్షిణ కొరియా మీద 2-1. అప్పటికే రహీం సాబ్‌ని కేన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న పోయారు.

కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టింది 1985లో. ఆయన మీద 'మైదాన్' సినిమా వచ్చింది 2024లో. అది చూసొచ్చి మా పిల్లలు అడిగారు: "అబ్బా, ఈయన ఏ టీముకి ఆడాడు?"

చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశాడని చెప్పాం.